వెనక్కి తిరిగిన రిఫరీ

ఒరేయ్ గునపం,

ఇన్నేళ్ళ తర్వాత కూడా నిన్నిలా పిలిచే హక్కు నాకుందనే అనుకుంటున్నాను. ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటని విసుక్కోకు. ఫోన్‌లో నీకు వినపడదు, నేను అరవాలి. అరిస్తే పక్క గదిలో ఉన్న మా మామగారి చెవిన పడుతుంది. ఆయన చెవిన పడకూడని సంగతే ఇది.

మన పాత కుస్తీ పోటీలు టీవీలో మళ్ళీ వేస్తున్నారు, చూస్తున్నావా? మధ్యాహ్నం భోజనాలు కాగానే మొదలు. ఆ నల్ల నిక్కరు, ఆ గడ్డం, జనాన్ని కొరకొరా చూసే ఆ చూపు... పరుపుల కొట్టులో కూర్చుని దిండ్లలో దూది కూరుకునే మనిషివి నువ్వేనంటే ఎవరూ నమ్మరు. నీతో తలపడే వజ్రం గాడు తాళ్ళ మీంచి దూకుతుంటే, వాడెక్కడ దిగుతాడో ముందే తెలిసిన నాకు కూడా గుండె ఝల్లుమంటోంది. మీ మధ్యలో నేనూ ఉంటాను, రిఫరీ చారల చొక్కా వేసుకుని, చూడవలసిన చోటు తప్ప మిగతా అన్ని చోట్లా చూస్తూ.

నా గొడవంతా అక్కడే ఉంది. మా మామగారు రైలు ఇంజను డ్రైవరుగా చేసి రిటైరయ్యారని నీకు తెలుసు. దూరాన ఎర్ర దీపం కనపడిందా లేదా అన్నదాని మీదే ఆయన బతుకంతా నడిచింది. నేను అల్లుణ్ణయిన కొత్తలో ఆయనకి నేనంటే ప్రాణం. "మా అల్లుడు టీవీలో వస్తాడు, వజ్రం చెయ్యి పట్టుకుని పైకెత్తేది మావాడే" అని ఇంజను షెడ్డంతా చాటింపు వేశారు. మీ ఇద్దరికీ బెల్టు పోటీ జరిగిన రోజు షెడ్డు మొత్తాన్నీ ఇంటికి పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టారట. నువ్వు కుర్చీ ఎత్తావు. నేను అటు తిరిగి నీ మేనేజరుతో పోట్లాడుతున్నాను. వజ్రం పడ్డాడు, నేను తీరిగ్గా వచ్చి మూడు లెక్కపెట్టి నీకు బెల్టు కట్టాను. అందరూ ఆయన మొహం వంకే చూశారట.

మర్నాడు పొద్దున వాళ్ళింట్లో నేను కాఫీ తాగుతుంటే ఆయన మా ఆవిడతో, "అమ్మాయ్, కప్పు ఎక్కడుందో మీ ఆయనకి కనపడుతోందో లేదో కనుక్కో" అన్నారు. ఆ తర్వాత ఈ రోజు దాకా ఆయన నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఏం కావాలన్నా కూతురి ద్వారానే. "మీ ఆయన ఫ్యాను ఆపుతారేమో అడుగు" అంటారు, నేను ఫ్యాను కిందే కూర్చుని ఉంటాను. అత్తగారు పోయాక, కాళ్ళు పట్టుతప్పి చక్రాల కుర్చీ పాలై, ఆయన మా దగ్గరికే వచ్చేశారు. పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటాం. మధ్యలో మా ఆవిడ కూరగాయలు తరుక్కుంటూ ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేస్తుంది. ఆవిడ బజారుకెళ్ళిందంటే ఇంట్లో మాటే ఉండదు. మొన్న ఆయనకి పొరబోయింది. నేను నీళ్ళందిస్తే గ్లాసు తీసుకుని, తాగి, గోడకేసి చూస్తూ "దాహం తీరింది" అన్నారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు కదరా. ఈయన్ని నాన్నా అని పిలుద్దామని ఎంత ముచ్చటపడ్డానో నీకు తెలియదు.

అదంతా ఆటలో భాగమేనని, కుర్చీ సంగతి పొద్దున టిఫిన్ల దగ్గరే మాట్లాడుకున్నామని చెప్పేస్తే పోతుందని నువ్వంటావు. నమ్మేవాడి దగ్గర నోరు విప్పకూడదని, మనకి ఆట నేర్పిన గురువుగారు మనందరి చేతా ఒట్టు వేయించుకున్నారు. ఒట్టు సంగతి పక్కన పెట్టు, ఆయన వజ్రాన్ని ఇప్పటికీ నమ్ముతున్నారు. ఆ నమ్మకాన్ని పోగొట్టి నేను బాగుపడడమా?

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. టీవీవాళ్ళు వచ్చే నెల పాతవాళ్ళందరినీ పిలిచి, మీ ఇద్దరి చేత మళ్ళీ ఒక ఆట ఆడిస్తున్నారు కదా. మామగారికి ముందు వరసలో సీటు ఇప్పించాను. నువ్వు కుర్చీ ఎత్తగానే ఈసారి నేను వెనక్కి తిరిగి చూస్తాను. నిన్ను పట్టుకుంటాను, ఆటలోంచి తీసేస్తాను, వజ్రం చెయ్యి పైకెత్తుతాను. ఆయన కళ్ళారా చూస్తారు. ఒక్కసారికి ఒప్పుకోరా. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను, ఎలాగూ ఆటలో చాలాసార్లు పట్టుకున్నవే.

ఇట్లు
నీ చారల చొక్కా


ప్రియమైన చారలకు,

నీ ఉత్తరం మా ఆవిడ చదివి వినిపించింది. నీళ్ళ గ్లాసు సంగతి వచ్చినచోట కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఒప్పుకోను. బతిమాలినా ఒప్పుకోను. మోసం చేయడం నా వృత్తిరా! నువ్వు చూస్తుండగా చేస్తే దాన్ని మోసమంటారా? నువ్వు వెనక్కి తిరిగితే నేను ఆ కుర్చీ పట్టుకుని ఏం చెయ్యాలి? కుర్చీల షాపులో బేరమాడుతున్నవాడిలా నిలబడాలా? నెల రోజులుగా కొట్టు మూశాక సాధన చేస్తున్నాను. భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి విరిగింది. నీ ఉత్తరం చదవడానికి తప్ప మా ఆవిడ నాతో నోరు విప్పడం మానేసింది, అంటే ఇప్పుడు నీకూ నాకూ ఒకటే గతి.

ఇంకో మాట చెప్తాను, నవ్వకు. ఈ కొట్టుకొచ్చే ప్రతివాళ్ళూ నన్ను బాబాయ్ అంటారు. "బాబాయ్, మెత్తటి దిండు ఉందా" అంటారు. నన్ను చూసి పిల్లలు జడుసుకుని ఎన్నాళ్ళయిందో! ఒక హాలు నిండా జనం లేచి నిలబడి నన్ను నోరారా తిడితే వినాలని ఉంది. ఈ చెవులకి ఇప్పుడు అంత గట్టిగా అరిస్తే తప్ప వినపడదు కూడా. ఆ ఒక్కటీ నా నోటికాడ కూడులా లాక్కోకు.

మీ మామగారికి నా మీద కోపముంటే నేనొచ్చి కాళ్ళ మీద పడతాను. అయితే మీ అమ్మాయి పెళ్ళిలో నేను అక్షింతలు వేయడానికి వస్తే ఆయన చెప్పు తీశారు, గుర్తుందిగా. కాబట్టి నువ్వే దారి చూసుకో. వెనక్కి మాత్రం తిరగకు. తిరిగావంటే మన స్నేహం అక్కడితో సరి.

ఇట్లు
గునపం


ఒరేయ్ గునపం,

తిట్టు. ఎంత తిడతావో తిట్టు, నేను పడతాను. ముందు నీ భుజం ఎలా ఉందో చెప్పు.

నిన్న ఆట ముగియగానే నువ్వు చెమట కూడా తుడుచుకోకుండా దొడ్డిదారిన వెళ్ళిపోయావు. నీకు మొహం చూపించలేక నేనూ ఆపలేదు. నిజం చెప్తున్నాను, నీ ఉత్తరం చదివాక మానేద్దామనే అనుకున్నాను. రింగులోకి దిగేదాకా అదే మాట మీద ఉన్నాను. నువ్వు కుర్చీ అందుకోగానే హాలంతా "వెనక! వెనక!" అని హోరెత్తిపోయింది. నేను ఎప్పటిలాగే తాళ్ళ దగ్గర కుర్ర మేనేజరుతో వాదులాట మొదలుపెట్టాను. ఎదురుగా ముందు వరసలో మామగారు. చక్రాల కుర్చీలోంచి సగం పైకి లేచి, మెడనరాలు తేలేలా వెనక వెనక అని అరుస్తున్నారు. నా మొహంలోకి చూసి అరుస్తున్నారు. ఇన్నేళ్ళలో ఆయన నాకేసి చూసి అన్న మొదటి మాట అది. ఎలా తిరగకుండా ఉండనురా?

తిరిగాను. తర్వాత సంగతి నీకు తెలుసు. నువ్వు కుర్చీ నెత్తి మీదికెత్తి, "అటు తిరుగు, భుజం లాగేస్తోంది" అని పళ్ళ బిగువున గొణిగావు. కింద వజ్రం ఒక కన్ను తెరిచి "ఏమైంది, ఇంకా పడలేదేం?" అన్నాడు. హాలంతా గప్‌చుప్. అంతమందీ ఏది చెయ్యమని గొంతు చించుకున్నారో అది చేశాను కదా, ఒక్కరికీ ఏం చెయ్యాలో తోచలేదు. నువ్వు చివరికి ఆ కుర్చీ కింద పెట్టి దాని మీద కూర్చున్నావు చూడు, అంత దిక్కుతోచని మొహం నేనెప్పుడూ చూడలేదు. వజ్రం చెయ్యి పైకెత్తాను. ఎవరో రెండు చప్పట్లు కొట్టి, తోడెవరూ లేక ఆపేశారు.

నేను మాత్రం మామగారి వైపే చూశాను. నోరు తెరిచి ఉన్నారు. ఆనందమే అనుకున్నాను.

అద్దె కారెక్కాం. ముందు సీట్లో మా ఆవిడ, వెనక మేమిద్దరం. వీధి మలుపు తిరిగేదాకా ఆయన బుసలు కొడుతూనే ఉన్నారు. మా ఆవిడ నెమ్మదిగా "నాన్నా, చూశారా? ఈయన ఈసారి చూశారు కదా" అంది. అంతే, ఆయన కూతురి వంక కూడా చూడలేదు. గిరుక్కున నా వైపు తిరిగారు.

"ఏరా, నీకు బుద్ధుందా?" అన్నారు.

నేను కిటికీ వైపు జరిగాను.

"ఎవడు చూడమన్నాడు నిన్ను?"

"మీరే కదండీ, వెనక వెనక అని..."

"అరుస్తాం! అరవడానికే కదా వచ్చాం! అరిచామని తిరిగేస్తావా? ఆ దెబ్బ పడాలి. పడితేనే వజ్రానికి రోషమొచ్చేది. అన్యాయంగా పడ్డ దెబ్బకే కదా వాడు లేచేది! ఒక్క దెబ్బ, అంతే, సింహంలా లేచి ఆ గునపం గాణ్ణి గిరగిరా తిప్పేవాడు. లేవకుండా చేశావు. రూలు ప్రకారం గెలిపించావు. రూలు ప్రకారం గెలవడం చూడ్డానికా ఈ చక్రాల కుర్చీలో ఇంత దూరం వచ్చాను?"

"మరి బెల్టు పోటీ నాడు..."

"ఆ రోజు దెబ్బ పడ్డాక లేవడానికి టైమివ్వాలా వద్దా? గబగబా మూడు లెక్కపెట్టేశావు! నా కోపం దానికిరా, మొద్దూ!"

ఇన్నేళ్ళూ నేను చూడలేదని అలిగారనుకున్నాను. తొందరగా లెక్కపెట్టానని అలిగారట! కప్పు కనపడుతోందా అన్నారు కదండీ అని గొణిగితే, "ఏదో నోటికొచ్చింది అన్నాను. నువ్వైనా వచ్చి అడగొచ్చుగా? పెద్దవాణ్ణి, నేను దిగుతానా?" అన్నారు. ఇంటికి చేరేదాకా తిట్టారు. ఒక్క మాట కూడా మా ఆవిడ ద్వారా రాలేదు, అన్నీ సూటిగా నాకే. ఏరా, ఒరేయ్, మొద్దూ, తెలివితక్కువ వెధవా. మా ఆవిడ ముందు సీట్లో భుజాలు కదిలేలా నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది. నేను తలొంచుకుని కూర్చున్నాను, నా కళ్ళు ఆయనకి కనపడకుండా.

నీ గురించి కూడా ఒక మాటన్నారు. "గునపం గాడి తప్పేం లేదు, వాడి పని వాడు శ్రద్ధగా చేస్తున్నాడు, మధ్యలో నువ్వెళ్ళి చెడగొట్టావు. వాణ్ణి ఒకసారి భోజనానికి పిలు" అన్నారు. రా. ఈసారి చెప్పు తీయరని నాది పూచీ.

ఆయనకి అసలు సంగతి తెలుసా తెలియదా అని మా ఆవిడ నన్ను చాటుగా అడిగింది. నేను కనుక్కోదలచుకోలేదు. ఇవాళ మధ్యాహ్నం టీవీలో పాత ఆట మొదలవుతుంటే నేను కాస్త దూరంగా నిలబడ్డాను. ఆయన పక్క కుర్చీ మీద చేత్తో తట్టి పిలిచారు.

"ఇలా వచ్చి కూర్చోరా. ఎప్పుడు చూడాలో, ఎప్పుడు చూడకూడదో నేను చెప్తాను."

"సరే నాన్నా" అన్నాను.

ఇట్లు
నీ చారల చొక్కా