కొట్టం గొళ్లెం

అయిజ, చేని దగ్గర నుంచి.

తమ్ముడు మల్లేశుకు మీ అక్క బాలమ్మ రాసేది. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? మరదలు, చంటిది బాగున్నారా? మేము బాగున్నామని రాయడానికి చెయ్యి రావడం లేదు. బతికి ఉన్నాము. ఫోనులో నీ గొంతు వింటే ఏడుపు తప్ప మాట రాదు, అందుకే రాస్తున్నాను.

విత్తనపత్తి పని నీకు తెలిసిందే. సాయంత్రం మొగ్గలు ఒలవాలి, పొద్దున వాటికి మగపూలు అద్దాలి. నీళ్లు ఉప్పన. మీ బావ పని మానలేదు, మాట మానేశాడు.

నా బిడ్డ శిరీష ఎలా పోయిందో మన కోడేరులో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పుకుంటున్నారట. జరిగింది ఇది. ఇక్కడ జీపు చప్పుడైతే పిల్లలందరినీ కొట్టంలో వేసి గొళ్లెం పెడతారు. పిల్లలతో పని చేయిస్తున్నాడని లేబరు ఆఫీసరు పట్టుకుంటాడని ఈ చేను పటేలుకు భయం. మట్టిలో ఆడుకునే నా బిడ్డనూ అందులోనే వేసేవారు. ఆ రోజూ అంతే. జీపు దిగిన ఆమె భుజానికి నీలం డబ్బా వేలాడుతుండటం చేను నడుమ నుంచి చూశాను. ఆమె కూడా ఆఫీసరే అనుకున్నాను.

"చిన్నపిల్లలున్నరా పటేలా?"

"యాడి పిల్లలమ్మా, అందరు పెద్దోళ్లే."

ఆమె వెళ్లిపోయింది. పక్క చేనులో తట్టు లేచిందని సూదులు వేయడానికి వచ్చిన నర్సమ్మ ఆమె. శిరీషకు మన ఊళ్లో పడాల్సిన రెండో సూది, మేము ఇటు రావడంతో తప్పిపోయి ఉంది.

తర్వాత దానికీ తట్టు పోసింది. "గదే తగ్గుతది, ఎందుకు పరేషాన్ అయితవు" అన్నాడు పటేలు. ఊపిరాడక ఎగపోస్తుంటే గద్వాల దవాఖానకు ఎత్తుకుపోయాము. దక్కలేదు. ఆ నర్సమ్మే మళ్లీ వచ్చి అడిగింది, "అమ్మా, ఆ దినం నేనొచ్చిన గదా. నీ బిడ్డ యాడుండె?"

మొన్న మళ్లీ జీపు వచ్చింది. ఉరికి పోయి గొళ్లెం తీశాను. ఈసారి దిగింది నిజంగా లేబరు వాళ్లే. పటేలు మీద కేసు పెట్టారు, పిల్లల కూలి ఆగిపోయింది. పత్తి ఏరడానికి మనుషులు దొరకరు కాబట్టి నన్ను వెళ్లగొట్టలేదు. "నీ బిడ్డ పోయిందని మా కూలి గూడ పోగొడ్తవా?" అని మన ఊరి ఆడవాళ్లే అంటున్నారు. ఎవరూ నా పక్కన కూర్చుని తినడం లేదు.

శిరీష పచ్చ గౌను ఇంట్లోనే ఉంది, ఎవరికీ ఇవ్వకండి. అమ్మకు నా దండం. మల్దకల్ దేవుడికి మొక్కుకొమ్మని చెప్పింది, మొక్కలేదని చెప్పు.

పత్తి ఏరడానికి మీరూ వస్తామన్నారు. రావద్దని ఎట్లా అంటాను, అక్కడ పని లేదని నాకు తెలియదా. చంటిదానికి పడాల్సిన సూదులన్నీ వేయించే బస్సెక్కండి. ఇక్కడికి వచ్చాక ఏ జీపు వచ్చినా గొళ్లెం తీస్తాను. ముందు నీ బిడ్డనే ఎత్తుకొని బయటికి వస్తాను. కూలి పోయిందని నువ్వు కూడా నాతో మాట్లాడకుంటే, మాట్లాడకు.

మీ అందరి మేలు కోరే అక్క,
బాలమ్మ