స్వామి ఎద్దు మెడ మీద కాడి

మంగళవారం, కోయంబత్తూరు

మా గేమ్ కంపెనీ నడిపే మురళన్న, మూడేళ్ళుగా నేను గీసిన ఎద్దులన్నిటినీ ఏఐకి మేపినాడు. ఇంక బొమ్మలన్నీ అదే గీస్తాదని, ఈ నెలతో నన్ను నిలిపేసినాడు.

ఈరోజు గేమ్ చూపించి, "తప్పేమన్నా ఉంటే చెప్పు పాపా" అన్నాడు. చూస్తే, మా తాత ఊరు కంబంలో ఆయన పక్కన కూర్చొని నేను గీసిన స్వామి ఎద్దు. దేవుడికి విడిచిన ఆ ఎద్దు మెడ మీద కాడి పెట్టి పొలం దున్నిస్తా ఉండాది ఏఐ. మన కులపోళ్ళు దాని ముందర చెప్పులు విడిచి నిలబడతారు. మురళన్న గూడా మనవాడే, కానీ పోదనూరులో పెరిగినోడు, స్వామి ఎద్దుల మంద ముఖమే చూడలేదు.

చెప్పాలని నోటిదాకా వచ్చింది. అప్పుడు నా టేబుల్ మీద నా పేరు పలక తీసేసుండేది కనపడింది.

"బాగుండాదన్నా" అన్నా.

ఆదివారం కంబంలో పెద్దలందరి ముందర, మురళన్న తన అవ్వ చేతనే గేమ్ మొదలుపెట్టిస్తాడంట. మొదలయ్యేదే ఆ దుక్కితో. నన్నూ రమ్మన్నాడు. ముందు వరసలోనే కూర్చుంటా. అప్పుడు ఆయన ముఖం చూడాల.

మా తాత గూడా వస్తాడు. కొమ్ము వంపు చూస్తూనే నా చేతి గీత అని పట్టేస్తాడు. ఆనక అడుగుతాడు, "నువ్వు చూసీ ఊరకున్నావా?" అని.