పదకొండు ఫైళ్లకు ఒకటే అంచు

హన్మకొండ,
18-8-1988

బాపుకు సరోజన దండాలు. అమ్మ, తమ్ముడు, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. భీవండి మరమగ్గాల దగ్గర నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. ఒళ్లు బాగానే ఉంది కానీ వారం నుంచి ఎవరితో మాట్లాడినా నాకు గొంతు లేస్తోంది. నిన్న పప్పులో ఉప్పు తక్కువైందని అమ్మ మీద కూడా అరిచాను.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. అమ్మ మోకాలికి దవాఖానలో ఇచ్చిన మందు పనిచేసింది, మళ్లీ నూలు కండెలు చుట్టుతోంది. ఇక నా ఉద్యోగం పర్మనెంట్ అయిందా అన్నావు. కాలేదు. పర్మనెంట్ అయితే దసరాకు మూటాముల్లె సర్దుకుని వచ్చేస్తానని రాశావు కదా, ఆ ఒక్క వాక్యం అమ్మ నాతో నాలుగుసార్లు చదివించుకుంది. అందుకే ఇంత మంట. మూడో ప్రశ్నకు చివర జవాబు రాస్తాను.

నా పని ఏమిటో నీకు సరిగా ఎప్పుడూ చెప్పలేదు. మా కంప్యూటర్ సెంటర్‌లో పరీక్షల లెక్కలకు, హాస్టలుకు, లైబ్రరీకి అన్నీ కలిపి పదకొండు ప్రోగ్రాములున్నాయి. రాసిన ప్రోగ్రామును యంత్రం నడిపే రూపానికి తేవాలంటే, ఏ ముక్కను ముందు తయారు చేయాలి, ఏది దేనితో కలపాలి అని వరుసగా చెప్పే ఫైలు ఒకటి ఉండాలి. దాన్ని మేక్‌ఫైల్ అంటారు. పదకొండింటికీ పదకొండు ఉన్నాయి. ప్రతిదాంట్లో అవే నూటిరవై వరుసలు, ఒకదాన్ని చూసి ఒకటి ఎక్కించినవి. ఎక్కడైనా ఒక మాట మారిస్తే పదకొండు చోట్లా మార్చాలి. ఒకటి మరిచిపోయామా, పరీక్ష ఫలితాల రోజే అది మొరాయిస్తుంది.

నేను ఆ నూటిరవై వరుసలు తీసి వేరే ఒక ఫైల్లో పెట్టాను. మిగతా పదకొండింటిలో 'ఇన్‌క్లూడ్' అని ఒక్క వరుస రాస్తే చాలు, యంత్రం వెళ్లి ఆ ఫైలును తెచ్చుకుంటుంది. జూన్‌లో డిస్కు మారినప్పుడు ఒక్కచోట దిద్దాను, పదకొండూ నడిచాయి.

పోయిన శుక్రవారం, ఎవరిని పర్మనెంట్ చేయాలో తేల్చడానికి కమిటీ కూర్చుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన, మా ఇన్‌చార్జి రాజేశ్వర్ రావు సారు. ఎవరెంత పని చేశారో ప్రింటు తీసి బల్ల మీద పెట్టమన్నారు. నాతోపాటు పనిచేసే పాండురంగం కట్ట జానెడు మందం. పాత వరుసలే మళ్లీ మళ్లీ ఎక్కించాడు కాబట్టి. నాది వేలెడు కూడా లేదు. సారు దాన్ని చేత్తో ఎత్తి చూసి, "ఏందమ్మా, ఏడాదంత చేసి కాయితాలు తగ్గించినవా?" అన్నాడు. చదవలేదు బాపూ, తూచాడు! డిస్కు మారిన సంగతి చెప్పబోతే, మధ్యలోనే చాయ్ తెప్పించుకున్నారు.

ఇంతవరకు వాళ్ల తప్పు. ఇక నాది రాస్తున్నాను.

హైదరాబాద్ ఆయన ఒక్కడే నా ప్రింటు తిప్పి చూశాడు. ఆయనకు నచ్చింది కూడా. ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. నాకు తెలుసు ఎక్కడో. ఇక్కడ మగ్గం నేసే రోజుల్లో నువ్వు, చీర అంచు బొమ్మకు రంధ్రాలు కొట్టిన అట్టల కట్టను వేరుగా గోడ మేకుకు తగిలించేవాడివి. ఏ చీర పెట్టినా అంచుకు అదే కట్ట ఎక్కించేవాడివి. వాడలో మిగతావాళ్లు చీర చీరకు కొత్త అట్టలు కొట్టించుకునేవాళ్లు. అంచులోని హంస ముక్కు దగ్గర ఒక అట్ట చిరిగితే నువ్వు ఆ ఒక్కటే మార్చేవాడివి, ఆ తర్వాత నేసిన ప్రతి చీరలో ముక్కు బాగుపడేది. చిరిగిన అట్టను నా చేతికిచ్చి రంధ్రాలు లెక్కపెట్టమనేవాడివి.

ఆ మాట చెప్పలేదు. పుస్తకంలో చదివానన్నాను. ఏ పుస్తకమని అడిగాడు. పేరు గుర్తులేదన్నాను. పాండురంగం కిటికీ బయటికి చూస్తూ నవ్వాడు. ఎవరి దగ్గరో ఎత్తుకొచ్చిందే అనుకుని ఆయన నా కట్ట పక్కన పెట్టేశాడు. పర్మనెంట్ పాండురంగానికి అయింది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ కండె కింద పెట్టి, "మీ బాపు పేరు చెప్తె నోరు పడిపోతుండెనా బిడ్డా?" అంది. నాకు వాళ్ల మీద ఎంత కోపముందో, నా మీద అంతకు రెండింతలుంది.

మంగళవారం సారు పిలిచి, ఆ నూటిరవై వరుసలు మళ్లీ పదకొండు ఫైళ్లలో ఎక్కించమన్నాడు. నేను ఆ ఉమ్మడి ఫైలు తెరిచి, అన్నిటికంటే పైన నీ పేరుతో ఒక వరుస చేర్చాను: ఈ పద్ధతి కొత్తవాడ నేతకారుడు సిద్దిరాములుది. ముందొక గుర్తు పెడితే యంత్రం ఆ వరుసను వదిలేసి పోతుంది. అది మనుషులు చదవడానికే.

సారు చదివాడు. "ఆఫీసు ఫైల్ల మీ ఇంటి ముచ్చటేంది? తీసెయ్" అన్నాడు.

"తియ్య సార్. ఆ వరుసలు మళ్ల ఎక్కియ్య కూడా" అన్నాను.

సెప్టెంబరు ఆఖరుతో నా గడువు అయిపోతుంది, పొడిగించేది లేదన్నాడు. పర్మనెంటూ లేక, ఈ జీతమూ పోతే నువ్వు దసరాకు రాలేవు. అది నా వల్లే. నన్ను తిట్టు, పడతాను.

ఇప్పుడు మూడో ప్రశ్న. ఉత్తరాలు ఆఫీసుకు రాయొద్దని ఎందుకన్నానంటే, మా బంట్రోతు గట్టయ్య వాటిని హాలు మధ్యలో నిలబడి, ఎవరు ఎక్కడి నుంచి రాశారో పైకి చదివి పంచుతాడు. భీవండి, పవర్‌లూమ్ అని అందరూ వింటారని సిగ్గుపడ్డాను. రెండేళ్లు సిగ్గుపడ్డాను బాపూ.

ఈసారి తిట్టేదేదో ఆఫీసు అడ్రసుకే కార్డు మీద రాయి. పంపినవారు అన్నచోట నీ పేరు, దాని పక్కన నేతకారుడు అని పెద్దక్షరాలతో రాయి. సెప్టెంబరు ఆఖరులోపు అందాలి. గట్టయ్య చదువుతుంటే నేను లేచి నిలబడి తీసుకుంటాను.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
సరోజన