అవతలి ఒడ్డు లేని వంతెన

ఏమండీ, మన అమ్మాయి లేయాకి పాలు బాగానే పడుతున్నాయి, చంటిది ఒళ్లు చేస్తోంది, మీరు బెంగపడకండి.

ఈ బ్లాక్‌పూల్‌లో సముద్రంలోకి కాస్త దూరం వెళ్లి ఆగిపోయే వంతెన ఉంది. విక్టోరియా రాణి కాలంలో, జనం కాళ్లు తడవకుండా సముద్రం మీద షికారు చేయడానికే కట్టారట! రోజూ సాయంత్రం దాని చివర నిలబడి మీకు చెయ్యి ఊపుతున్నాను. నిన్న అల్లుడు చూసి, "అత్తయ్యగారూ, ఇండియా అటు కాదండీ, మీ వెనకుంది" అన్నాడు. మన బందరులో పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది, ఇక్కడేమో సముద్రంలోకే కుంకుతోంది. అయినా నాకు తట్టలేదు.

చాట్రాయి మామిడితోటలో పిందె నిలిచిందా? బీపీ మాత్ర మానారో, వచ్చి చెప్తాను మీ పని.

ఇన్నాళ్లూ మీకు వీపు పెట్టి ఊపానన్నమాట. ఇవాళ అందరూ సముద్రం చూస్తుంటే, నేనొక్కదాన్నే ఊరివైపు తిరిగి ఊపుతాను. ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాలి.

మీ గ్లోరీ