వంతకు వదిలిన చోటు

చెల్లీ,

నీ ఒక్కదాని పేరుతో వచ్చిన మొదటి ఆల్బమ్ అందింది. కుట్టుమిషన్లు ఆపించి మరీ షాపంతా వినిపించాను. మాటలు నీవే, బాణీలు నీవే. ఏం గొంతే నీది! గల్లాపెట్టె దగ్గర కూర్చుని గర్వంతో ఉబ్బిపోయాను.

కానీ మొదటి పాటలోనే నాకు ఒళ్లు మండింది. నువ్వు పాడిన ప్రతి చరణం తర్వాతా ఉత్త డప్పే వినిపిస్తోంది. ఇన్నేళ్లూ నేను వెనక నుంచి వంత అందుకున్న చోటది. వంత కలపడం మరిచిపోయారనుకుని రికార్డింగ్ అతనికి ఫోన్ చేసి దులిపేశాను. పాపం, అంతా ఓపిగ్గా విని, "వేరేవాళ్లతో పాడిద్దామని నేనూ అన్నానండీ. ఆవిడ ససేమిరా అన్నారు. అది మా అక్క చోటు, ఖాళీగానే ఉండనీ అన్నారు" అన్నాడు.

ఆపరేషన్ తర్వాత నా గొంతు తుప్పుపట్టిన గేటులా కిర్రుమంటోందని, నీ పాట పాడుచేయలేక రానన్నాను. ఇదన్నమాట నీ జవాబు, మొండిఘటమా!

పాట మళ్లీ పెట్టించాను. రెండో చరణం దగ్గర నాకు తెలియకుండానే అందుకున్నాను. కాజాలు కుట్టే అమ్మాయి సూది ఆపేసి, "అమ్మో, మీరు పాడతారా అక్కా?" అంది.

వచ్చే నెల నీ కచేరీకి వస్తున్నాను. వేదిక మీద, నీ వెనక, నాకో స్టూలు వేయించు. ఒక్కటే షరతు. ఆ చోటు వచ్చినప్పుడు కాస్త ఎక్కువసేపు ఆగు. నా గొంతు ఇప్పుడు ఆలస్యంగా లేస్తోంది.

నీ వంత,
అక్క