ఉప్పు తేలిన గోడ

హుజూర్‌నగర్,
శుక్రవారం.

నౌరీన్ అబ్బాకు,

అస్సలాము అలైకుమ్. అల్లా దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. ముంబైలో మీరు వేళకు తింటున్నానని రాశారు. నేను నమ్మను. డానిష్ భాయ్ రేపు బస్సుకు అక్కడికే వస్తున్నాడు, ఈ ఉత్తరం ఆయన చేతికిస్తున్నాను. ఫోన్‌లో అయితే మీరు నన్ను మాట పూర్తి చేయనివ్వరు.

మీరడిగినవి చెబుతాను. అమ్మీజాన్‌కు మోకాళ్ల నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. నౌరీన్ రోజూ బడికి పోతోంది. మీ పాలిష్ తాపీలకు తుప్పు పట్టలేదు, తళతళలాడుతున్నాయి.

నా ఫికరంతా మర్రిగూడ మీద ఉంది. అక్కడ గొర్ల మందలున్న రామమ్మ కొత్త ఇల్లు కట్టింది. మీరు చేసే సున్నం పాలిష్, ఆ పాలరాయిలా మెరిసేదే, హాలు గోడకు కావాలని ఆమె కొడుకు గిరి పోయిన నెల మన ఇంటికొచ్చాడు. మీరు ఒప్పుకున్నారని, మీరు చెప్పినట్టే పని జరుగుతుందని చెప్పి పంపాను. మిమ్మల్ని అడగలేదు. గృహప్రవేశానికి ఇంకా పన్నెండు రోజులుంది. నిన్న పొద్దున చూస్తే, పాలిష్ పెట్టిన ఆకుపచ్చ గోడ నిండా తెల్లటి ఉప్పు!

గిరి మండిపడ్డాడు. "గింత పేరున్న వహీద్ సాబ్ గిట్లనా చేయించేది? ఫోన్ కలుపు, గాయనతోనే మాట్లాడుత!"

రామమ్మ నా మొహంలోకి చూసి అడిగింది. "తప్పు ఆయనదా, నీదా? నిజం చెప్పు బిడ్డా."

"నాదే అవ్వా. ఆయనకు గీ పనే తెల్వది. సున్నం కలిపింది నేను, గోడ రుద్దింది నేను."

అవునండీ, నేనే. మీరు పోయినప్పటి నుంచి ఇది నాలుగో ఇల్లు. మొదటి మూడూ బాగా కుదిరాయి, వాటికి మీ పేరే చెప్పాను. చెడిపోయినదానికి మీ పేరు చెప్పడానికి నోరు రాలేదు.

సున్నం కలిపిన రెండు రోజులు అక్కడ నల్లా రాలేదు. బోరు నీళ్లతో కలిపాను. "గా నీళ్లు నోట్ల పోసుకోకు, బొక్కలు వంగుతయ్" అని రామమ్మ మొదటిరోజే చెప్పింది. తాగితే ఎముకలకు చేటంది గానీ గోడకేమవుతుందిలే అనుకున్నాను. ఆ నీళ్లలోని ఉప్పే గోడ మీద తేలింది. మన హుజూర్‌నగర్ బోర్లతో ఎన్నడూ ఇట్లా కాలేదు కదా! నా బుద్ధికి గడ్డి పెట్టాలి.

గిరి వేరే మనిషిని పిలుస్తానన్నాడు. రామమ్మ ఒప్పుకోలేదు. "ఖరాబు చేసినామెనే బాగు చెయ్యనియ్. నల్లా నీళ్లు నేను పట్టిపిస్త" అంది. ఇవాళ గోడంతా గీకేశాను. చేతులు బొబ్బలెక్కాయి.

తిట్టేదుంటే ఇంటికొచ్చి ఎదురుగా తిట్టండి, వింటాను. ఈ పని మానెయ్యమంటే మాత్రం వినను. ముందు డానిష్ భాయ్ ఫోన్ నుంచి ఒక్క మాట చెప్పండి: ఉప్పు గీకిన గోడ, మళ్లీ సున్నం ఎక్కించే ముందు ఎన్ని రోజులు ఆరాలి?

ఇట్లు,
గోడ ఆరడం కోసం చూస్తున్న మీ భార్య,
జబీన్.