అనుమతి లేకుండా విప్పిన గేర్‌బాక్సు

గోదావరిఖని,
ఆదివారం

అక్కయ్యకు,

తమ్ముడు సుబ్బారావు నమస్కారాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఇక్కడ నేను, సరోజ, పాప ముగ్గురం బాగానే ఉన్నాం. ఎండలు ముదిరాయి. ఆరేసిన బట్టలు తీసేసరికి బొగ్గు నుసి పట్టి ఉంటోంది. జొన్నరొట్టె సరోజకు అలవాటైంది, నాకింకా కాలేదు. పాపకు పక్క వేయడానికి నీ పాత నేతచీర ఒకటి ఉంటే పంపు. మా ఆరోగ్యాల గురించి దిగులు పెట్టుకోకు.

మల్లన్న నాతో మాట్లాడి ఇరవై రోజులైంది. అది చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

మల్లన్నంటే రాజమల్లు. ఆరేళ్ల కిందట ఈ ఊళ్లో దిగిన రోజు నాకు గది ఇప్పించినవాడు, మేం తిప్పే టాక్సీలో సగం భాగస్తుడు. నాలుగేళ్లు పేరు రాయించుకుని కూర్చుంటే వచ్చిన కారు అది. తనకు చదువు రాదని కాగితాలన్నీ నా పేరున రాయించింది ఆయనే.

పాప పుట్టిందని కార్డు రాశాను గాని, ఆ రోజు దారిలో జరిగింది రాయలేదు. నొప్పులు మొదలైతే సరోజను కరీంనగర్ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. పెద్దపల్లి దాటాక గేరు ఇరుక్కుపోయి కారు ఆగింది. కారు కొని అప్పటికి రెండు నెలలు. సరోజ నా చెయ్యి పట్టుకుని అరుస్తోంది. కారు నడుపుతున్న మల్లన్న నా వైపు తిరిగాడు.

"గేర్‌బాక్సు మూత విప్పాలె తమ్మీ. విప్పితే కంపెనోడు వారంటీ ఇయ్యనంటడు. ఏమంటవ్?"

"విప్పన్నా" అన్నాను.

బోల్టులు తీసి, ఇరుక్కున్న గేరును స్క్రూడ్రైవరుతో వెనక్కి నెట్టాడు. రెండో గేరులోనే కరీంనగర్ చేర్చాడు. గంటలో పాప పుట్టింది.

ఆ తర్వాత కారు కదలలేదు. లారీకి కట్టి హైదరాబాదు షోరూముకు చేర్చాం. అక్కడ మాట్లాడే పని మల్లన్న నాకే అప్పగించాడు. "మీ అండి అండి మాటలు ఆడ్నే పనికొస్తయి. నేను నోరు తెరిస్తె కొట్లాటైతది" అని నవ్వాడు.

మొదటిసారి సర్వీసు మేనేజరు బోల్టుల మీద కంపెనీ గుర్తుగా వేసిన ఎర్రరంగు గీత చెదిరిందని చూపించి, బయటివాళ్లు విప్పారు కనుక వారంటీ చెల్లదన్నాడు. రెండోసారి ఆసుపత్రి చీటీ చూపించాను. "మీ ఆవిడ కాన్పు వేరు, మా గేర్‌బాక్సు వేరండీ" అన్నాడు. మూడోసారి ఒక తెల్లకాగితం నా ముందుకు తోశాడు. డ్రైవరు తన సొంత నిర్లక్ష్యంతో, యజమాని అనుమతి లేకుండా విప్పాడని రాసిస్తే పైకి పంపుతానన్నాడు. కాగితమే కదా అనుకున్నాను. రాసి సంతకం పెట్టాను. పది రోజుల్లో కొత్త గేర్‌బాక్సు బిగించి ఇచ్చారు.

ఈ సంగతి మల్లన్నకు చెప్పింది నేనే. బస్టాండు దగ్గర హోటల్లో టీ తాగుతూ, నవ్వుతూ చెప్పాను.

"ఏమని రాసినవ్? మళ్లొక్కసారి చెప్పు."

"డ్రైవరు సొంత నిర్లక్ష్యంతో విప్పాడని. వాళ్లు అడిగిన మాటే అన్నా."

గ్లాసు కింద పెట్టాడు. "బాయిల టబ్బులు గుంజే తాడు తెగిననాడు ఓవర్‌మన్ గిదే మాట రాసిండు. నాకు సదువు రాదాయె, ఏలుముద్ర ఏసిన. నౌకరి పోయినంక ఇంకోడు సదివి చెప్తే ఎరుకైంది. వాడంటే పరాయోడు. విప్పుమన్నది నువ్వే గద తమ్మీ?"

వాళ్లు అడిగారు కనుక రాశానని మళ్లీ అదే చెప్పబోయాను.

"డ్రైవర్నా నేను?" అని కారు తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇక్కడ గనిని బాయి అని, బొగ్గు మోసే తొట్టి బళ్లను టబ్బులని, పని చేయించే అధికారిని ఓవర్‌మన్ అని అంటారు. ఆయన బాయి పని ఎందుకు పోయిందో ఆరేళ్లలో నేను ఒక్కసారీ అడగలేదక్కయ్యా.

మూడుసార్లు వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య లచ్చక్క గుమ్మంలో నిలబడి "ఇంట్ల లేడు" అంటుంది. మొన్న ఆయన చెప్పులు గడప పక్కనే ఉన్నాయి. నా చూపు అటు పోవడం ఆమె గమనించింది. "చెప్పుల దిక్కు సూడకు, నా దిక్కు సూడు. లేడంటే లేడు" అంది.

షోరూముకు నిజం రాశాను. విప్పమన్నది నేనేనని, ఆయన డ్రైవరు కాదు భాగస్తుడని, గేర్‌బాక్సు వెనక్కి తీసుకున్నా సరేనని. నిన్న జవాబు వచ్చింది. మరమ్మతు పూర్తయినందున ఫైలు మూసివేశారట. "మీ డ్రైవరు విషయం మాకు సంబంధించినది కాదు" అని కింద ఒక వాక్యం. కారు మా ఇంటి ముందే ఉంది. చక్కగా నడుస్తుంది. నాకు ఎక్కబుద్ధి కావడం లేదు.

పాపకు మూడో నెల నడుస్తోంది. ఇంకా పేరు పెట్టలేదు. మేనత్తవు నువ్వు వచ్చి పేరు పెట్టాలి. వచ్చిన రోజే నాతో మల్లన్న ఇంటికి రా. మా పాపకు పేరు పెడుతున్నాం, మీరు రావాలని నువ్వే పిలువు. ఊరినుంచి వచ్చిన ఆడపడుచును లచ్చక్క గుమ్మంలో నిలబెట్టదు. ఆ తలుపు తెరుచుకుంటే చాలు, విప్పమన్నది నేనేనని చుట్టుపక్కలవాళ్లందరూ వినేట్టు నేనే చెప్పుకుంటాను.

బావగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. సరోజ నీకు దండాలు చెప్పమంది. నన్ను, పాపను దీవించు.

నీ తమ్ముడు,
సుబ్బారావు